ఆల్ఫా-సైన్యూక్లిన్ బ్యాండ్ రావడం లేదా? యాంటీబాడీ మార్చే ముందు ఇలా చేసి చూడండి

"లోడింగ్ కంట్రోల్ బ్రహ్మాండంగా వచ్చింది, ల్యాడర్ బాగుంది, ఆల్ఫా-సైన్యూక్లిన్ ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. ఏ కంపెనీ యాంటీబాడీ కొనమంటారు?" పార్కిన్సన్స్ మీద కొత్తగా పని మొదలుపెట్టిన ల్యాబ్‌ల నుంచి వెస్టర్న్ బ్లాట్ గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఇదే. ఆల్ఫా-సైన్యూక్లిన్ అంటే ఆ వ్యాధిలో మెదడు కణాల్లో ముద్దకట్టే ప్రొటీన్. చాలాసార్లు కొత్తది కొనక్కర్లేదు. మీ దగ్గరున్న యాంటీబాడీ పని చేస్తూనే ఉండొచ్చు. అది పట్టుకోవాల్సిన ప్రొటీనే మెంబ్రేన్ మీద మిగలడం లేదు. బ్లాకింగ్‌లో కొంత, కడుగుళ్లలో ఇంకొంత జారిపోయి డ్రైనేజీలో కలిసిపోతోంది.

కారణం క్లుప్తంగా ఇది. ఆల్ఫా-సైన్యూక్లిన్ 140 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్, బరువు దాదాపు 14.5 కిలోడాల్టన్లు. దానికి స్థిరమైన మడత లేదు, నీటిలో హాయిగా కరుగుతుంది, మెంబ్రేన్‌ను గట్టిగా పట్టుకోదు. ట్వీన్ కలిపిన బఫర్‌తో గంటల తరబడి ఊపితే ఊడివస్తుంది. ట్రాన్స్‌ఫర్ అయిన వెంటనే పలచని పారాఫార్మాల్డిహైడ్‌తో దాన్ని మెంబ్రేన్‌కు అతికించేస్తే ఊడదు. ఈ కిటుకు 2011లోనే ప్రచురితమైనా చాలా ల్యాబ్ ప్రొటోకాల్ నోట్సుల్లో ఇప్పటికీ కనిపించదు.

కింది పద్ధతి ఎలుక మెదడు కణజాలానికీ, ఎస్‌హెచ్-ఎస్‌వై5వై (ల్యాబ్‌లో పెంచే మనిషి న్యూరోబ్లాస్టోమా కణాలు) లాంటి కణాలకూ పనికొస్తుంది. వెస్టర్న్ బ్లాట్ ఒక్కసారైనా చేసి ఉన్నారనుకుని చెబుతున్నాం.

ముందు యాంటీబాడీ సంగతి

యాంటీబాడీ ప్రొటీన్‌లో ఏ ముక్కను పట్టుకుంటుందో తెలియకుండా బ్లాట్ మొదలుపెట్టకండి. డేటాషీట్‌లో ఎపిటోప్ ఎక్కడుందో చూసుకోండి.

సిన్-1 అని పిలిచే క్లోన్ 42 ఎలుకలో తయారైన మోనోక్లోనల్. 91 నుంచి 99వ అమైనో ఆమ్లం వరకు ఉన్న ముక్కను పట్టుకుంటుంది. మనిషి ప్రొటీన్, ఎలుక ప్రొటీన్ రెంటినీ చూపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే మంచి ఎంపిక.

ఎల్‌బీ509 క్లోన్ 115–122 ముక్కను, ఎమ్‌జేఎఫ్‌ఆర్1 క్లోన్ 118–123 ముక్కను పట్టుకుంటాయి. రెండూ మనిషి ప్రొటీన్‌కే. ఎలుక ప్రొటీన్‌లో 121, 122 స్థానాల్లో అమైనో ఆమ్లాలు వేరు. సాధారణ ఎలుక మెదడు మీద ఎల్‌బీ509 వేసి "బ్యాండ్ లేదు" అనుకోవడం మాటిమాటికీ జరిగే పొరపాటు. మనిషి జన్యువు పెట్టిన ఎలుకల్లో మనిషి ప్రొటీన్‌ను విడిగా చూడాలంటే మాత్రం ఇవే కావాలి.

ఎన్-కొస (ప్రొటీన్ మొదలయ్యే కొస) వైపు పట్టుకునే యాంటీబాడీలతో జాగ్రత్త. బీటా-సైన్యూక్లిన్‌ 134 అమైనో ఆమ్లాల ప్రొటీన్. దాని ఎన్-కొస ఆల్ఫాను చాలావరకు పోలి ఉంటుంది, జెల్‌లో కూడా పక్కపక్కనే నిలుస్తుంది. మెదడులో రెండూ పుష్కలంగా ఉంటాయి. మీరు చూస్తున్నది అన్నో తమ్ముడో తేలదు.

సెరీన్ 129 దగ్గర ఫాస్ఫేట్ చేరిన రూపం కోసం ఈపీ1536వై, 81ఏ లాంటి క్లోన్లున్నాయి. వాటి తంటాలు వేరు. కింద విడిగా చెప్పాం.

యాంటీబాడీ రాగానే 10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న గొట్టాల్లో పంచి దాచండి. మైనస్ 20 డిగ్రీల్లో పెట్టమంటే, దానంతట అదే మంచు కరిగించుకునే ఫ్రీజర్‌లో పెట్టొద్దు. అది రోజూ కొంచెం వేడెక్కి మళ్లీ గడ్డకడుతుంది. 4 డిగ్రీలని రాసి ఉంటే గడ్డకట్టించనే వద్దు.

కావలసినవి

- రిపా బఫర్: 50 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.4, 150 మిల్లీమోలార్ ఉప్పు, 1 శాతం ఎన్‌పీ-40, 0.5 శాతం సోడియం డీఆక్సీకోలేట్, 0.1 శాతం ఎస్‌డీఎస్. ప్రొటియేజ్ ఇన్హిబిటర్ వాడే రోజే కలపాలి.
- 15 శాతం ట్రిస్-గ్లైసిన్ జెల్. లేదా కొనుక్కున్న 4–20 శాతం జెల్, లేదా ఎమ్‌ఈఎస్ బఫర్‌తో 4–12 శాతం బిస్-ట్రిస్ జెల్.
- 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న పీవీడీఎఫ్ మెంబ్రేన్. అదే సైజు నైట్రోసెల్యులోజ్ అయినా సరే. 0.45 వద్దు.
- ట్రాన్స్‌ఫర్ బఫర్, లీటరుకు: ట్రిస్ 3.03 గ్రాములు, గ్లైసిన్ 14.4 గ్రాములు, మిథనాల్ 200 మి.లీ. ఎస్‌డీఎస్ కలపొద్దు. పీహెచ్‌ను యాసిడ్‌తో సరిచేయొద్దు.
- పీబీఎస్, ట్రిస్ లేనిది.
- 0.4 శాతం పారాఫార్మాల్డిహైడ్, పీబీఎస్‌లో, 40 మి.లీ.
- టీబీఎస్‌టీ: 20 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 7.6, 150 మిల్లీమోలార్ ఉప్పు, 0.1 శాతం ట్వీన్-20.
- కొవ్వు తీసిన పాలపొడి, బీఎస్‌ఏ, పాన్సో ఎస్, ప్రైమరీ, హెచ్‌ఆర్‌పీ తగిలించిన సెకండరీ, ఈసీఎల్.
- కంట్రోళ్లు: ట్యాగ్ లేని రీకాంబినెంట్ ఆల్ఫా-సైన్యూక్లిన్ 5–10 నానోగ్రాములు, ఆ జన్యువు లేని ఎలుక మెదడు, లేదా జన్యువు ఆపేసిన కణాలు.

పాలపొడి విషయం చిన్నదే కానీ చెప్పాలి. కిరాణా కొట్లో దొరికే టీ, కాఫీ వైట్‌నర్‌లో చక్కెర ఉంటుంది. ప్యాకెట్ మీద "స్కిమ్డ్ మిల్క్ పౌడర్" అని, చక్కెర లేదని ఉండాలి.

చివరి పంక్తిలో చెప్పిన కంట్రోళ్లు లేకుండా మొదలుపెట్టకండి. పాజిటివ్ కంట్రోల్ లేకపోతే ఖాళీ బ్లాట్‌కు అర్థం ఉండదు, నెగటివ్ కంట్రోల్ లేకపోతే బ్యాండ్‌కు అర్థం ఉండదు.

చేసే పద్ధతి

1. శాంపిల్ తయారీ. మెదడు 100 మిల్లీగ్రాములకు చల్లని రిపా 1 మి.లీ. వేసి, మంచు మీద నూరండి. కణాలైతే చల్లని పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, 10 సెం.మీ. ప్లేటుకు 300 మైక్రోలీటర్లు చాలు. 5 సెకన్ల చొప్పున మూడుసార్లు సోనికేట్ చేసి, 20 నిమిషాలు మంచు మీద ఉంచండి. 4 డిగ్రీల్లో 14,000 జి దగ్గర 15 నిమిషాలు తిప్పి పైద్రవాన్ని తీసుకోండి. అడుగున మిగిలిన పెల్లెట్‌ను పారేయకండి, మైనస్ 80లో పెట్టండి. ఎందుకో తర్వాత చూద్దాం.

ఇక్కడ రక్తంతో జాగ్రత్త. ఎర్ర రక్తకణాల్లో ఆల్ఫా-సైన్యూక్లిన్ విపరీతంగా ఉంటుంది. రక్తంలో ఉన్నదాంట్లో దాదాపు అంతా వాటిలోనే. ఎలుకను చల్లని పీబీఎస్‌తో పర్ఫ్యూజ్ చేసి (గుండె ద్వారా పంపి రక్తాన్ని కడిగేసి), కాలేయం పాలిపోయాకే మెదడు తీయాలి. లేకపోతే మీరు కొలిచేది మెదడునే కాదు, రక్తనాళాల్లో నిలిచిన రక్తాన్ని కూడా. పైగా హీమోగ్లోబిన్ గొలుసుల బరువు సుమారు 16 కిలోడాల్టన్లు. జెల్‌లో అవీ సరిగ్గా అక్కడే కూర్చుంటాయి. సీఎస్‌ఎఫ్ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం), ప్లాస్మా శాంపిళ్లలో లేత గులాబీ రంగు కనిపించినా ఆ శాంపిల్‌ను పక్కనపెట్టడం మేలు. అడుసు తొక్కి కాలు కడుక్కోవడం ఇక్కడ కుదరదు. పగిలిన ఎర్ర కణంలోంచి వచ్చినదాన్ని మళ్లీ విడదీయలేం.

2. కొలిచి, మరిగించడం. బీసీఏతో ప్రొటీన్ కొలవండి. మెదడైతే ఒక్కో గడికి 10 మైక్రోగ్రాములు, కణాలైతే 20–30. లెమ్లీ బఫర్ కలిపి 95 డిగ్రీల్లో 5 నిమిషాలు. పలచని శాంపిళ్లు, ముఖ్యంగా రీకాంబినెంట్ ప్రొటీన్, ప్లాస్టిక్ గోడలకు అంటుకుంటాయి. లో-బైండ్ గొట్టాలు వాడండి. నానోగ్రాముల డైల్యూషన్‌ను ముందురోజు చేసి ఉంచకుండా అప్పటికప్పుడు చేసుకోండి.

3. జెల్. ఇంట్లో పోసుకునేవాళ్లకు 15 శాతం రిసాల్వింగ్ జెల్, 10 మి.లీ. లెక్క: నీళ్లు 2.3 మి.లీ., 30 శాతం అక్రిలమైడ్ 5 మి.లీ., 1.5 మోలార్ ట్రిస్ (పీహెచ్ 8.8) 2.5 మి.లీ., 10 శాతం ఎస్‌డీఎస్ 0.1 మి.లీ., 10 శాతం ఏపీఎస్ 0.1 మి.లీ., టెమెడ్ 4 మైక్రోలీటర్లు. గట్టిపడని అక్రిలమైడ్ నాడులకు విషం, గ్లవ్స్ తప్పనిసరి. స్టాకింగ్ దాటేవరకు 80 వోల్టులు, తర్వాత 120. నీలి రంగు గీత అడుగు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో ఉండగా ఆపేయండి. "ఇంకొంచెం విడిపోనీ" అని ఊరుకుంటే ఈ సైజు ప్రొటీన్ రన్నింగ్ బఫర్‌లోకి పోతుంది.

4. ట్రాన్స్‌ఫర్. పీవీడీఎఫ్‌ను 30 సెకన్లు మిథనాల్‌లో తడిపి, ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో 5 నిమిషాలు ఉంచండి. తడి ట్యాంకులో 100 వోల్టులు, 60 నిమిషాలు, లోపల ఐస్ ప్యాక్ పెట్టి. పెద్ద ప్రొటీన్లకు అలవాటైన రాత్రంతా ట్రాన్స్‌ఫర్ దీనికి వద్దు. చిన్న ప్రొటీన్ మెంబ్రేన్‌ను చీల్చుకుని అవతలికి పోతుంది. అనుమానం తీరాలంటే మొదటిసారి రెండు మెంబ్రేన్లు ఒకదాని వెనుక ఒకటి పెట్టండి. రెండోదాని మీద కూడా బ్యాండ్ వస్తే సమయం 45 నిమిషాలకు తగ్గించండి. సెమీ-డ్రైలో అయితే 15 వోల్టులు 30 నిమిషాలతో మొదలుపెట్టి, ఇదే పరీక్షతో సరిచేసుకోండి.

5. ఫిక్సింగ్. మెంబ్రేన్‌ను ట్రాన్స్‌ఫర్ బఫర్‌లోంచి తీయగానే పీబీఎస్‌తో రెండుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు కడగండి. ఈ కడుగుడు మానొద్దు. ట్రాన్స్‌ఫర్ బఫర్‌లోని ట్రిస్, గ్లైసిన్ రెండింటికీ అమైన్లు ఉన్నాయి. ఫార్మాల్డిహైడ్ ముందు వాటితో చర్య జరిపి ఖర్చయిపోతుంది, మీ ప్రొటీన్‌కు మిగలదు. ఫిక్సింగ్ ద్రావణాన్ని టీబీఎస్‌లో కలిపి "మీరు చెప్పినట్టే చేశాం, రాలేదు" అనేవాళ్ల సమస్య ఇదే.

0.4 శాతం ద్రావణం ఇలా: 4 శాతం స్టాక్ ఉంటే 4 మి.లీ., పీబీఎస్ 36 మి.లీ. 16 శాతం యాంపూల్ అయితే 1 మి.లీ., పీబీఎస్ 39 మి.లీ. రెండూ లేకపోతే 37 శాతం ఫార్మలిన్ 430 మైక్రోలీటర్లను పీబీఎస్‌తో 40 మి.లీ. చేయండి. అందులోని మిథనాల్ ఇంత పలచనయ్యాక ఇబ్బంది పెట్టదు. మెంబ్రేన్ పూర్తిగా మునిగేలా పోసి, ఫ్యూమ్ హుడ్‌లో 30 నిమిషాలు మెల్లగా ఊపండి. తర్వాత ద్రావణాన్ని సింకులో పోయకుండా ఫార్మాల్డిహైడ్ వ్యర్థాల సీసాలో పోసి, మెంబ్రేన్‌ను పీబీఎస్‌తో మూడుసార్లు కడగండి.

గాఢత పెంచితే ఇంకా మంచిదేమో అనిపిస్తుంది. అక్కడ ఆగాలి. ఫార్మాల్డిహైడ్ ప్రధానంగా లైసీన్ల మీద పనిచేస్తుంది. ఆల్ఫా-సైన్యూక్లిన్‌లో 15 లైసీన్లున్నాయి. 103 నుంచి చివరి దాకా ఉన్న తోకలో మాత్రం ఒక్కటీ లేదు. కాబట్టి ఎల్‌బీ509, సెరీన్ 129 యాంటీబాడీల లాంటి తోక యాంటీబాడీలకు ఫిక్సింగ్ వల్ల పెద్దగా నష్టముండదు. సిన్-1 ఎపిటోప్‌లో 96, 97 స్థానాల్లో రెండు లైసీన్లున్నాయి. 0.4 శాతం దగ్గర అది చక్కగా పనిచేస్తుంది. 4 శాతంతో గంటసేపు ఉంచితే ఎపిటోప్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. కొన్ని ల్యాబ్‌లు 4 శాతానికి కొద్దిగా గ్లూటరాల్డిహైడ్ కూడా చేర్చి వాడతాయి. అది మీ యాంటీబాడీకి పడుతుందో లేదో ఒక ముక్క మీద చూసుకున్నాకే వాడండి.

6. పాన్సో, కోత. పాన్సో ఎస్ ఫిక్సింగ్ తర్వాతే. ముందే వేస్తే ఆ యాసిడ్, నీళ్ల కడుగుళ్లలో కొంత పోవచ్చు. ఫిక్స్ చేశాక రంగు కొంచెం లేతగా కనిపిస్తుంది, కంగారు పడకండి. గడులన్నీ సమానంగా ఉన్నాయా, గాలి బుడగల మచ్చలున్నాయా చూసి ఫొటో తీసుకోండి. తర్వాత 25–30 కిలోడాల్టన్ల దగ్గర కోసి, పై ముక్కను లోడింగ్ కంట్రోల్‌కు వాడండి. జీఏపీడీహెచ్ 37, యాక్టిన్ 42, బీటా-3 ట్యూబ్యులిన్ 50 దగ్గర వస్తాయి. కాక్స్-4, హిస్టోన్ హెచ్3 వద్దు. రెండూ 15–17 మధ్యలోనే ఉంటాయి. ఫిక్సింగ్ వల్ల మీ లోడింగ్ కంట్రోల్ యాంటీబాడీ మొరాయిస్తే, రంగు ల్యాడర్ చూసి ముందే కోసి, కింది ముక్కనొక్కదాన్నే ఫిక్స్ చేయండి.

7. బ్లాకింగ్. మొత్తం ఆల్ఫా-సైన్యూక్లిన్ కోసమైతే టీబీఎస్‌టీలో 5 శాతం పాలపొడి, గంట. ఫాస్ఫో రూపం కోసమైతే 5 శాతం బీఎస్‌ఏ. పాలలోని కేసిన్‌కే ఫాస్ఫేట్లున్నాయి, నేపథ్యం పెరుగుతుంది. ప్రొటోకాల్‌లో "గది ఉష్ణోగ్రత" అంటే 20–25 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని గది 38 డిగ్రీలుంటే అది ఆ లెక్కలోకి రాదు. అలాంటప్పుడు కోల్డ్ రూమ్‌లో రెండు గంటలు బ్లాక్ చేయండి.

8. ప్రైమరీ. సిన్-1ను 1:1000తో మొదలుపెట్టి, 4 డిగ్రీల్లో రాత్రంతా షేకర్ మీద. మెదడు శాంపిళ్లకు అది మరీ ఎక్కువై బ్యాండ్ ఉబ్బితే 1:2000, 1:5000 ప్రయత్నించండి. వాడిన ప్రైమరీని 0.02 శాతం సోడియం అజైడ్ వేసి రెండు మూడుసార్లు తిరిగి వాడుకోవచ్చు, ఒకే ప్రయోగంలో పోల్చే బ్లాట్లకు మాత్రం తాజాదే వాడాలి.

9. కడగడం, సెకండరీ. టీబీఎస్‌టీతో 5 నిమిషాల చొప్పున నాలుగుసార్లు. సెకండరీ 1:5000 నుంచి 1:10000 మధ్య, గంట. సెకండరీలో అజైడ్ వేయకండి, అది హెచ్‌ఆర్‌పీని చంపేస్తుంది. ఎలుక కణజాలం మీద ఎలుక యాంటీబాడీ వేస్తే సెకండరీ కణజాలంలోని ఇమ్యునోగ్లోబ్యులిన్లను కూడా పట్టుకుని 25, 50 దగ్గర బ్యాండ్లు చూపిస్తుంది. 15 దగ్గర అవి అడ్డురావు కానీ, వాటిని "ఆలిగోమర్లు" అని రాసుకోకండి.

10. ఇమేజ్. ఈసీఎల్ పోసి నిమిషం ఆగి, 5, 15, 30, 60, 180 సెకన్ల ఎక్స్‌పోజర్లు వరుసగా తీయండి. బ్యాండ్ మధ్యలో తెల్లగా బోలుగా కనిపిస్తే సబ్‌స్ట్రేట్ అక్కడ అయిపోయింది. అది కొలతకు పనికిరాదు. కెమెరా సాఫ్ట్‌వేర్ సాచురేషన్ చూపించే రంగు ఆన్ చేసి ఉంచండి.

వచ్చింది నిజమైన బ్యాండేనా?

14.5 బరువున్న ప్రొటీన్ జెల్‌లో 15–17 దగ్గర నిలుస్తుంది. ఆమ్ల స్వభావమున్న తోక వల్ల అది కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, అది తప్పు కాదు. రీకాంబినెంట్ గడిలో బ్యాండ్ ఎక్కడుందో మీ శాంపిల్‌లోనూ అక్కడే ఉండాలి. అయితే హిస్టిడిన్ ట్యాగ్ ఉన్న రీకాంబినెంట్ కొంచెం పైన, జీఎఫ్‌పీ అతికించినదైతే 40 పైన నిలుస్తుంది.

జన్యువు లేని ఎలుక మెదడు గడి ఖాళీగా ఉండాలి. అక్కడ కూడా బ్యాండ్ ఉంటే, మీ శాంపిల్‌లో కనిపిస్తున్నదాన్ని ఆల్ఫా-సైన్యూక్లిన్ అనడానికి వీల్లేదు. పై వైపు 30, 50, 60 దగ్గర వచ్చే బ్యాండ్లకు ఈ పరీక్ష మరీ ముఖ్యం. వాటికి డైమర్, టెట్రామర్ అని పేరు పెట్టే ముందు నాకౌట్ (జన్యువు లేని) గడిలో అవి మాయమయ్యాయా చూడండి. చాలాసార్లు మాయం కావు.

సి57బీఎల్/6 ఎలుకలు తెప్పించుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఆ వంశంలో సి57బీఎల్/6జేఓలాహెచ్‌ఎస్‌డీ అనే ఉపశాఖకు ఆల్ఫా-సైన్యూక్లిన్ జన్యువున్న క్రోమోజోమ్ ముక్కే సహజంగా ఊడిపోయింది. 2001లో ఈ సంగతి బయటపడేదాకా వాటిని మామూలు కంట్రోల్ ఎలుకలుగానే వాడారు. మీ "వైల్డ్ టైప్" ఎలుకలో ఎన్నిసార్లు చేసినా బ్యాండ్ రాకపోతే, బ్లాట్‌ను వదిలి ఎలుకల సరఫరా కాగితాలు తీసి ఉపశాఖ పేరు చివరి అక్షరాల దాకా చదవండి. నెగటివ్ కంట్రోల్ కావాలంటే అదే ఎలుక పనికొస్తుంది, పక్కనున్న మరో జన్యువు కూడా అందులో లేదని గుర్తుంచుకుంటే చాలు.

కణాల్లో చేసేవాళ్లకు హెచ్‌ఈకే293 సౌకర్యం. సొంతంగా తయారు చేసుకునేది చాలా తక్కువ కాబట్టి ఖాళీ ప్లాస్మిడ్ వేసినవి, ఎస్‌ఎన్‌సీఏ (ఆల్ఫా-సైన్యూక్లిన్ జన్యువు) ప్లాస్మిడ్ వేసినవి పక్కపక్కన నడపండి. పూర్తి నెగటివ్ అని మాత్రం అనొద్దు.

ఎక్కువ తక్కువలు కొలిచి చెప్పాలంటే ఇంకో పని ఉంది. ఒకే శాంపిల్‌ను 2.5, 5, 10, 20, 40 మైక్రోగ్రాముల చొప్పున వేసి చూడండి. రెట్టింపు వేస్తే సిగ్నల్ రెట్టింపు అయ్యే పరిధిలోనే మీ అసలు శాంపిళ్లుండాలి. మెదడులో 20 దాటితే గీత వంగిపోవడం మామూలే. అక్కడ "తేడా లేదు" అని తేల్చేస్తే అది జెల్ చెప్పిన అబద్ధం.

ఫాస్ఫో-సెరీన్ 129 అయితే

ఆరోగ్యంగా ఉన్న మెదడులో ఈ రూపం మొత్తంలో సుమారు 4 శాతమే. లెవీ బాడీల్లోనైతే (పార్కిన్సన్స్ మెదడు కణాల్లో కనిపించే ఈ ప్రొటీన్ ముద్దలు) దాదాపు 90 శాతం. అందుకే అందరికీ దీని మీద మోజు, అందుకే సాధారణ శాంపిల్‌లో బ్యాండ్ బలహీనంగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మెదడు తీయడంలో ఆలస్యమైతే ఫాస్ఫటేజ్‌లు ఫాస్ఫేట్‌ను ఊడగొట్టేస్తాయి. తీసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేయండి. రిపాలో 50 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్, 10 మిల్లీమోలార్ బీటా-గ్లిసరోఫాస్ఫేట్ కలపండి. సోడియం ఆర్థోవెనడేట్ ఒక్కటే వేసి సరిపెట్టకండి. అది ప్రధానంగా టైరోసీన్ ఫాస్ఫటేజ్‌లకు, ఇక్కడున్నది సెరీన్.

81ఏ క్లోన్ న్యూరోఫిలమెంట్-లైట్ ఫాస్ఫో రూపాన్ని కూడా పట్టుకుంటుంది. బ్లాట్‌లో అది 70 దగ్గర కనిపిస్తుంది కాబట్టి గుర్తుపట్టొచ్చు. కణజాల ముక్కల మీద రంగు వేసేటప్పుడు మాత్రం సైజు తెలియదు. నాకౌట్ ముక్క పక్కన లేకుండా ఆ చిత్రాలను నమ్మకండి.

రుజువు కోసం: అదే లైసేట్‌ను రెండుగా చేసి, ఒకదానికి లాంబ్డా ఫాస్ఫటేజ్, 1 మిల్లీమోలార్ మాంగనీస్ క్లోరైడ్ వేసి 30 డిగ్రీల్లో 30 నిమిషాలు ఉంచండి. ఫాస్ఫో బ్యాండ్ పోవాలి, మొత్తం ఆల్ఫా-సైన్యూక్లిన్ బ్యాండ్ అలాగే ఉండాలి. ఈ పరీక్షకు వాడే లైసేట్‌లో ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు గానీ ఈడీటీఏ గానీ ఉండకూడదు. ఈడీటీఏ మాంగనీస్‌ను లాగేసుకుంటుంది, ఎంజైమ్ పనిచేయదు, మీరేమో యాంటీబాడీని తప్పుపడతారు.

ఒకే మెంబ్రేన్ మీద రెండూ చూడాలంటే ముందు ఫాస్ఫో, తర్వాత మొత్తం. ఈపీ1536వై కుందేలుది, సిన్-1 ఎలుకది కాబట్టి ఫ్లోరెసెంట్ సెకండరీలుంటే రెండు రంగుల్లో ఒకేసారి చూడొచ్చు, స్ట్రిప్పింగ్ బాధే ఉండదు.

పెల్లెట్ దాచమన్నది ఇందుకే

వ్యాధిలో ముద్దకట్టిన ఆల్ఫా-సైన్యూక్లిన్ రిపాలో పూర్తిగా కరగదు. పైద్రవం మాత్రమే చూసి "రోగి మెదడులో పెరగలేదు" అనడం, పెరిగినదాన్ని పారేసి లెక్క చెప్పడమే. పెల్లెట్‌ను రిపాతో ఒకసారి కడిగి మళ్లీ తిప్పి, 2 శాతం ఎస్‌డీఎస్ ఉన్న బఫర్‌లో సోనికేట్ చేయండి. అప్పటికీ కరగనిదానికి 8 మోలార్ యూరియా, 2 శాతం ఎస్‌డీఎస్ కలిపి వాడండి. యూరియా ఉన్న శాంపిల్‌ను మరిగించొద్దు. వేడికి యూరియా విడిపోయి లైసీన్లను కార్బమైలేట్ చేస్తుంది. 37 డిగ్రీలు దాటకుండా లెమ్లీతో కలిపి జెల్ ఎక్కించండి. కరగని భాగాన్ని శుభ్రంగా విడదీయాలంటే 1,00,000 జి దగ్గర అల్ట్రాసెంట్రిఫ్యూజ్ కావాలి. బల్లమీది యంత్రంతో వచ్చేది ఉజ్జాయింపు మాత్రమే.

మనిషి కణజాలానికి ఎథిక్స్ అనుమతి, బీఎస్‌ఎల్-2 జాగ్రత్తలు ఉండాలి. ముందే తయారు చేసిన ఫైబ్రిల్స్ (ఆల్ఫా-సైన్యూక్లిన్ పోగులు) వాడితే బల్లను, రోటర్‌ను 1 శాతం ఎస్‌డీఎస్‌తో తుడవండి. ఆల్కహాల్‌తో తుడిస్తే అవి పోవు.

ఇంకా రాకపోతే

రీకాంబినెంట్ గడిలో కూడా ఏమీ లేదంటే శాంపిల్‌ను అనుమానించకండి. ట్రాన్స్‌ఫర్, ఫిక్సింగ్, సెకండరీ, ఈసీఎల్ వరుసలో చూడండి. త్వరగా తేల్చుకోవాలంటే: 20 నానోగ్రాముల ప్రొటీన్‌ను నైట్రోసెల్యులోజ్ మీద చుక్కగా పెట్టి, ఆరనిచ్చి, ఫిక్స్ చేసి, బ్లాక్ చేసి, యాంటీబాడీ వేయండి. చుక్క వెలిగితే యాంటీబాడీ, సెకండరీ, ఈసీఎల్ మూడూ బాగున్నట్టే, లోపం జెల్‌లోనో ట్రాన్స్‌ఫర్‌లోనో ఉంది. వెలగకపోతే అప్పుడు కొత్త గొట్టం తెరవండి.

రీకాంబినెంట్ వచ్చి శాంపిల్ రాకపోతే, ఆ కణాల్లో ప్రొటీన్ తక్కువుండొచ్చు. ఆల్ఫా-సైన్యూక్లిన్ వేడికి గడ్డకట్టదు, దాన్ని వాడుకోండి. డిటర్జెంట్ లేని టీబీఎస్‌లో నూరిన లైసేట్‌ను 95 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచి, 14,000 జి దగ్గర 15 నిమిషాలు తిప్పితే మిగతా ప్రొటీన్లలో అధికభాగం తెల్లగా అడుగున చేరుతుంది, ఇది పైన మిగులుతుంది. పైద్రవాన్ని జెల్ ఎక్కించండి. లోడింగ్ కంట్రోళ్లు కూడా అడుగునే పోతాయి కాబట్టి ఈ దారిలో "ఉందా లేదా" తేలుతుంది, "ఎంత" అన్నది తేలదు.

మెంబ్రేన్ అంతా నల్లగా వస్తే ఫిక్సింగ్ తర్వాత పీబీఎస్ కడుగుళ్లు తగ్గి ఉంటాయి. మిగిలిన ఆల్డిహైడ్ యాంటీబాడీని ఎక్కడపడితే అక్కడ అతికిస్తుంది. బ్లాకింగ్‌కు ముందు 100 మిల్లీమోలార్ గ్లైసిన్ కలిపిన పీబీఎస్‌లో 10 నిమిషాలు ఉంచితే అది సర్దుకుంటుంది.

అసలు బ్యాండ్‌కు కింద 12 దగ్గర ఇంకో సన్నని బ్యాండ్ ఉంటే అది సి-కొస తెగిన రూపం కావచ్చు. సిన్-1తో కనిపించి, తోకను పట్టుకునే యాంటీబాడీతో కనిపించకపోతే ఆ అనుమానం బలపడుతుంది. శాంపిల్ మంచు మీద లేకుండా గంటలు గడిపినా ఇలాంటివి పుడతాయి, కాబట్టి తాజా శాంపిల్‌తో ఒకసారి మళ్లీ చేయండి.

ఫిక్సింగ్ వల్ల ఎంత లాభమో మీ కళ్లతో చూడాలంటే, ఒకే జెల్‌లో ఒకే శాంపిల్‌ను రెండు వైపులా వేసి, మెంబ్రేన్‌ను నిలువుగా రెండు ముక్కలు చేయండి. ఒకటి ఫిక్స్ చేసి, రెండోదాన్ని అంతసేపూ పీబీఎస్‌లో ఉంచి, తర్వాత అన్నీ ఒకేలా చేసి ఒకే ఫ్రేములో ఫొటో తీయండి. ఆ ఫొటోను ల్యాబ్ నోట్‌బుక్‌లో యాంటీబాడీ లాట్ నంబరు పక్కనే అతికించండి; కొత్త లాట్ వచ్చినప్పుడు మళ్లీ ఇదే ముక్క పరీక్ష చేసి పక్కన పెట్టుకోవచ్చు.